హెచ్చరింపబడిన యజమానుడు

పఠన భాగములు: నిర్గమకాండము 21:28–36, ద్వితీయోపదేశకాండము 22:8, 2 సమూయేలు 18, 1 రాజులు 1:5, 6

మోషే ధర్మశాస్త్రములో పొడుచు ఎద్దును గూర్చిన విధి యొకటి కలదు. ఎద్దు ఒక మనుష్యుని పొడిచి చంపినయెడల ఎద్దును చంపవలెను గాని యజమానునిపై నేరము మోపరాదు. అయితే ఆ ఎద్దుకు పొడుచు వాడుక అంతకుముందే యుండి, ఆ సంగతి యజమానునికి ఎవరో తెలిపియుండగా, అతడు దానిని భద్రము చేయనందున ఒక ప్రాణము పోయినట్లయితే, అప్పుడు ఎద్దుతోపాటు యజమానుడును మరణమునకు పాత్రుడు. అతనికి పరిహారధనము విధింపబడినయెడల దానిని చెల్లించి తన ప్రాణమును విడిపించుకొనవలెను. చచ్చినది కుమారుడైనను కుమార్తెయైనను తీర్పు ఒక్కటే.

ఈ రెండు సందర్భములలోను కొమ్ము ఒక్కటే, పోయిన ప్రాణపు విలువయు ఒక్కటే. భేదమంతయు యజమానునికి సంగతి తెలిసియుండుటలో నున్నది. పల్లెలలో పెరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కుమ్మెడి గొడ్డు మెడకు గుదికొయ్య కట్టనివానిని ఊరు ఊరక విడువదు. ఒకసారి కుమ్మినప్పుడు జాలిపడిన పొరుగువాడే రెండవసారి కుమ్మినప్పుడు పంచాయితీకి పిలుచును.

నేడు మన కుటుంబములలో అనేకుల వాకిట ఎద్దు లేదు, కారు ఉన్నది. దానిని నడుపువాడు పదునెనిమిది, పందొమ్మిది ఏండ్ల కుమారుడు లేక కుమార్తె. ఒకసారి గీచుకొనుట, తగులుట ఎవరికైనను సంభవించును. అది మరల మరల సంభవించుచున్నప్పుడు తలిదండ్రులు ఏమి చేయవలెననునదే ఈ పాఠములోని విషయము.

కలకత్తా నగరమునకు తూర్పు దిక్కున, విమానాశ్రయమునకు సమీపముగా, ఉత్తర 24 పరగణాల జిల్లాలో న్యూ టౌన్ అను క్రొత్త పట్టణము కలదు. 1999లో ఏర్పడిన హిడ్కో అను ప్రభుత్వ సంస్థ రాజార్‌హాట్ ప్రాంతపు పొలములను, చెరువుల నేలలను సేకరించి దీనిని కట్టించెను. బిశ్వ బంగ్లా సరణి అను విశాలమైన రహదారి దీనికి వెన్నెముకవంటిది. పాత కలకత్తా సందులలో బస్సులు, ఆటోలు, తోపుడుబండ్ల నడుమ కారు తనంతట తానే నెమ్మదించును. ఇచ్చట రోడ్డు తెరచుకొనియుండి వేగమునకు పిలుచును. అయితే ఆ రోడ్డు కార్లవారిది మాత్రమే కాదు. పొలములు పోయినను పల్లెలు పోలేదు. ఘూనీ, జాత్రాగాఛీ, హాతియారా, గౌరాంగనగర్ వంటి చోట్లనుండి ఇండ్లలో పనిచేయు స్త్రీలు, తాపీ పనివారు, టీ అమ్మువారు ప్రతి ఉదయము కాలినడకను, సైకిళ్లమీదను, టోటో అని పిలువబడు బ్యాటరీ రిక్షాలలోను వచ్చి ఆ రోడ్డును దాటుచుందురు. శీతకాలపు వేకువ మంచులో, మెట్రో రైలుకై నిలిపిన స్తంభముల చాటునుండి ఒక సైకిలు ఎప్పుడు బయటికి వచ్చునో చెప్పుట కష్టము.

కంప్యూటరు సంస్థలలో ఉద్యోగములను బట్టి ఈ పట్టణమునకు వచ్చిన తెలుగు కుటుంబములు కలవు. వీరు ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలోని తెలుగువారివలె తరతరములుగా బెంగాలులో పాతుకొన్నవారు కారు. పిల్లవానిని నిలువబెట్టి మందలించు పెదనాన్న విశాఖపట్టణములోనో గుంటూరులోనో యుండును. పొరుగువాని భాష వేరు. స్వగ్రామములో అయితే కుర్రవాడు బండి ఎట్లు తోలుచున్నాడో సాయంకాలమునకు తండ్రి చెవిని పడును. ఇచ్చట ఆ మాట చెప్పువాడు లేడు. కనుక హెచ్చరిక వేరు మార్గములలో రావలసియున్నది; దానిని హెచ్చరికయని గుర్తించుట కూడ కష్టమగుచున్నది.

అట్టి కుటుంబము నొకదానిని ఊహించుకొనుడు. తండ్రి సంఘములో పెద్ద. తల్లి బడి ఉపాధ్యాయురాలు. కుమారునికి పందొమ్మిది ఏండ్లు. పదునెనిమిది నిండగానే లైసెన్సు పొందినాడు. మొదట అపార్టుమెంటు క్రింది అంతస్తులో కారును వెనుకకు తీయుచు స్తంభమునకు తగిలించెను. అందరును నవ్విరి. రెండు నెలలకు నార్కెల్‌బాగాన్ కూడలిలో ఎర్రదీపమువద్ద ఆగియున్న టాక్సీని వెనుకనుండి గ్రుద్దెను. తండ్రి పరుగెత్తిపోయి టాక్సీవానికి అడిగినంత సొమ్మిచ్చి పంపెను. మరి మూడు నెలలకు వానకురిసిన సాయంకాలము ఒక సైకిలువానిని ప్రక్కనుండి ఒరసుకొని పోగా అతడు పడి మోకాలు చీరుకొనెను. కుమారుడు కారు ఆపి, తన జేబులోని అయిదువందల రూపాయలు ఆ మనుష్యుని చేతిలో పెట్టి ఇంటికి వచ్చెను. ఆదివారము ఆరాధనకు వెళ్లునాటికి బంపరు క్రొత్తది అమర్చబడియుండెను.

ప్రతి సంఘటనకును ఒక సమాధానము దొరకినది. స్తంభము చీకటిలో నున్నది; టాక్సీ హఠాత్తుగా ఆగినది; సైకిలుకు వెనుక దీపము లేదు. ఇవన్నియు నిజమే కావచ్చును. ఒక్కొక్కదానిని విడదీసి చూచినప్పుడు ఏ తండ్రియైనను కుమారుని పక్షముననే తీర్పు చెప్పును. మూడింటిని ఒకే కాగితముమీద తేదీలతో వ్రాసి చూచినప్పుడు గాని సంగతి బయటపడదు: స్తంభములు వేరు, టాక్సీలు వేరు, సైకిళ్లు వేరు, నడిపినవాడు ఒక్కడే. పైగా డబ్బు కలవారి ఇండ్లలో సొట్ట త్వరగా మాయమగును. చిన్న జీతగాని ఇంట నలిగిన తలుపు ఆరు నెలలు అట్లే యుండి ప్రతి దినము సాక్ష్యమిచ్చును.

అయినను చూచినవారు లేకపోలేదు. అపార్టుమెంటు కావలివాడు ఆ కారు దిగివచ్చు శబ్దము వినగానే ఆడుకొనుచున్న పిల్లలను ప్రక్కకు పిలుచుచుండెను. షెడ్డులోని మెకానిక్ మూడవసారి ఆ బండిని చూచి, "బాబు మరల తెచ్చినాడా?" అని ఊరకుండెను. యెజ్రెయేలు గోపురముమీది కావలివాడు దూరమున వచ్చుచున్న రథము తోలుబడిని చూచియే అది యెహూ తోలుచున్న రథమని గుర్తించిన వృత్తాంతము 2 రాజులు తొమ్మిదవ అధ్యాయములో నున్నది. తోలుటను బట్టి తోలువాడు తెలియబడును. ఇంటిలోనివారికి తప్ప తక్కినవారికందరికిని తెలిసిన సంగతులలో ఇది యొకటి. కావలివానిని తండ్రి ఒక్కసారి అడిగియున్నయెడల అతడు చెప్పియుండును.

న్యాయస్థానమునకు చేరిన సంగతి

ఇది ఊహ మాత్రమే కాదు. 2016 ఏప్రిల్ 4వ తేదీ రాత్రి ఢిల్లీ సివిల్ లైన్స్ ప్రాంతమున రోడ్డు దాటుచున్న ముప్పది రెండేండ్ల యువకుని ఒక ఖరీదైన విదేశీ కారు వేగముగా వచ్చి ఢీకొనగా అతడు మరణించెను. నడిపినవానికి పదునెనిమిది ఏండ్లు నిండుటకు ఇంకను కొన్ని దినములు మిగిలియుండెను, లైసెన్సు లేదు. ఆ బాలుడు అంతకుముందును రహదారి నియమములను మీరియున్నాడనియు, తండ్రి ఎరిగియు అతనిని ఆపలేదనియు పోలీసులు ఆరోపించి తండ్రిమీదను నేరము మోపిరి. బాలుని పెద్దవానిగా ఎంచి విచారింపవచ్చునా అను ప్రశ్నతో మృతుని సోదరి సుప్రీము కోర్టు వరకు వెళ్లెను. అట్టి నేరమునకు చట్టము ఏడేండ్ల కనీస శిక్షను విధింపలేదు గనుక ఆ విధముగా విచారింపరాదని 2020 జనవరిలో తీర్పు వచ్చెను. 2024లో మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు మృతుని కుటుంబమునకు వడ్డీతో కలిపి దాదాపు రెండు కోట్ల రూపాయల పరిహారము నిర్ణయించుచు, మైనరు కుమారుడు కారు నడుపుటను తండ్రి ఆపక ఉపేక్షించుట మౌనముగా సమ్మతించుటయేయని అభిప్రాయపడెను. ఎనిమిది సంవత్సరములు గడచినవి. ఈ యెనిమిదేండ్లలో ఆ యింటి వృద్ధ తలిదండ్రులు ఎన్ని వాయిదాలకు తిరిగియుందురో ఆలోచింపదగును.

ఆ ట్రిబ్యునలు నిర్గమకాండమును ముందుంచుకొని వ్రాసినది కాదు. అయినను వెనుకటి హెచ్చరికను, యజమానుని యెరుకను, అతని ఉపేక్షను చూచిన విధము ఆ పురాతన విధికి ఎంత దగ్గరగా నున్నదో చదువరి గ్రహింపగలడు. దేశపు చట్టము కూడ ఈ మార్గముననే నడచినది. 2019లో మోటారు వాహనముల చట్టము సవరింపబడి 199ఎ అను సెక్షను చేర్చబడెను. మైనరు నడిపిన వాహనమువలన నేరము జరిగినప్పుడు సంరక్షకుడు లేక యజమానుడు దోషిగా ఎంచబడును. తనకు తెలియకుండ జరిగినదని గాని, ఆపుటకు తగిన జాగ్రత్త యంతయు వహించితినని గాని రుజువు చేసుకొనవలసిన భారము అతనిదే. శిక్ష మూడేండ్ల వరకు చెర, ఇరువది అయిదు వేల రూపాయల జరిమానా. వాహనపు రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును; ఆ పిల్లవానికి ఇరువది అయిదు ఏండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. లైసెన్సు లేనివాడు నడిపిన సందర్భములలో బీమా సంస్థ బాధితునికి చెల్లించిన సొమ్మును యజమానునినుండి తిరిగి రాబట్టుకొనుటకును న్యాయస్థానములు అనుమతించుచు వచ్చినవి.

న్యూ టౌన్ తండ్రి దీనిని చదివి ఊపిరి పీల్చుకొనవచ్చును. అతని కుమారునికి పందొమ్మిది ఏండ్లు, లైసెన్సు ఉన్నది, ఈ సెక్షను అతనికి తగులదు. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము నిర్లక్ష్యమువలన ఒకరి మరణమునకు కారకుడైనవానికి అయిదేండ్ల వరకు శిక్ష గలదు. అది కుమారుడే భరించును. తండ్రికి చట్టములో తప్పించుకొను దారి దొరకవచ్చును. కాని కారు ఎవరిది? తాళపుచెవి ఏ గోడకున్న కొక్కెమునకు వ్రేలాడుచున్నది? పెట్రోలుకు డబ్బు ఎవరి జేబునుండి పోవుచున్నది? ఎద్దు యజమానుని గూర్చిన విధి ఎద్దు వయస్సును అడుగలేదు.

తెలుగు దేశమున ఇట్టివి జరుగలేదనుకొనరాదు. 2016 జూలైలో హైదరాబాదు పంజగుట్టలో మద్యము సేవించిన విద్యార్థుల కారు అదుపుతప్పి నడిమి గట్టును దాటి మరియొక కారుమీద పడగా, బడినుండి వచ్చుచున్న ఒక చిన్న బాలికయు ఆమె కుటుంబములోని పెద్దలును ప్రాణములు కోల్పోయిరి. 2024 మేలో పూనాలో పదునేడేండ్ల బాలుడు నడిపిన కారు ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణములు తీసినప్పుడు దేశమంతయు కలతచెందెను. బాలునికి మొదట దొరికిన జామీను షరతులలో మూడువందల మాటల వ్యాసము వ్రాయుట యొకటి. అంతకంటె ఎక్కువగా బాధపెట్టినది అటుపిమ్మట పెద్దలమీద వచ్చిన ఆరోపణ. బాలుని రక్తపు నమూనాను మార్పించిరని తలిదండ్రులను, వైద్యులను అరెస్టు చేసిరి. ఆరోపణ నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానమే. అయితే చిన్న సొట్టను ఆదివారము లోపల మాయము చేయు అలవాటు ఎక్కడికి పోయి ఆగునో ఏ తండ్రియు ముందుగా చెప్పలేడు.

"పిల్లవాడు క్షేమమా?"

ఎఫ్రాయిము అడవిలో యుద్ధము జరిగిన దినమున దావీదు గుమ్మముల నడుమ కూర్చుండి వార్తకై కనిపెట్టుచుండెను. మొదటి దూత వచ్చినప్పుడు అతడు అడిగిన ప్రశ్న అబ్షాలోము క్షేమమును గూర్చియే. రెండవ దూతను అడిగినదియు అదే. ఆ దినమున ఇరువది వేలమంది కూలిరని అదే అధ్యాయము చెప్పుచున్నది. వారికిని తండ్రులుండిరి. రాజు వారిని గూర్చి ఒక్క మాటయైన అడిగినట్లు వ్రాయబడలేదు. యోవాబు తరువాత వచ్చి కఠినముగా మాటలాడుటకు కారణము లేకపోలేదు.

అర్ధరాత్రి ఫోను మ్రోగినప్పుడు తలిదండ్రుల నోట మొదట వచ్చు మాట ఇదియే: బాబుకు ఏమియు కాలేదు గదా? దీనిని తప్పుపట్టువాడు బిడ్డలను కననివాడు. ఆ ప్రశ్న ప్రేమనుండి పుట్టినది. కాని అది మొదటి ప్రశ్నయై యుండవచ్చునే గాని చివరి ప్రశ్న కారాదు. సైకిలువాడు పడిన సాయంకాలము న్యూ టౌన్ ఇంటిలో కుమారుని తుడిచి, పాలిచ్చి, ఓదార్చిరి. అవతలివాడు లేచి నడువగలిగెనా అని ఎవరును అడుగలేదు. కుమారుడు ఆ మౌనమును విన్నాడు. దానివలన అతడు నేర్చుకొన్న పాఠము వంద ఉపదేశములకంటె బలమైనది.

దావీదు ఇంటిలోనే మరియొక కుమారుడు అదోనీయా. అతడును రథములను, గుఱ్ఱపు రౌతులను, ముందు పరుగెత్తువారిని ఏర్పరచుకొన్నవాడే. ఆ కుమారుడు చేసిన పనికి కారణమేమని తండ్రి ఏనాడును అడిగి అతనిని నొప్పించలేదని గ్రంథకర్త ఒక చిన్న వాక్యములో తెలిపి ముందుకు సాగుచున్నాడు. ఏలీ సంగతి వేరు. ఏలీ అడిగెను, గద్దించెను, లోకము ఏమనుచున్నదో కుమారులకు వినిపించెను. అయినను అతనిమీదికి తీర్పు వచ్చుటకు కారణము, ఎరిగియుండియు వారిని అడ్డగింపకపోవుటయే. నేటి తలిదండ్రులలో దావీదు వంటివారు కొద్దిమంది. ఏలీ వంటివారు అనేకులు. తిట్టుదురు, ఏడ్చుదురు, రెండు పూటలు మాటలాడక ముఖము ముడుచుకొందురు. మూడవనాడు తాళపుచెవి కొక్కెమునకు తిరిగి వచ్చును.

కారణమును వెదకుట

అయితే తాళము తీసికొనుట చాలునా? చాలదు. ఎద్దు ఎందుకు పొడుచుచున్నదో ఎద్దు చెప్పలేదు. కుమారుడు చెప్పగలడు, శాంతముగా అడిగినయెడల. మరల మరల ప్రమాదములు జరుగుటకు దుర్మార్గతయే కారణమని తలంచుట తరచుగా పొరపాటు. మొదట కండ్లు పరీక్ష చేయించవలెను. దూరపు చూపు మందగించిన సంగతి అనేక బాలబాలికలకు తమకే తెలియదు. వానలో, రాత్రివేళ ఎదుటి దీపముల కాంతిలో అది బయటపడును. రాత్రి రెండు గంటల వరకు ఫోను చూచి ఉదయమున స్టీరింగు పట్టువాని నిద్రలేమిని గూర్చి విచారింపవలెను. మత్తు పదార్థముల ప్రశ్నను సిగ్గుపడి దాటవేయరాదు. కొందరు భయమువలన తప్పు చేయుదురు: వెనుక బండివాడు హారను మ్రోగించుటతో కలవరపడి బ్రేకుకు బదులు వేగపు మీటను త్రొక్కుదురు. భయస్థుని గద్దించుటవలన భయము రెట్టింపగును.

వీటన్నిటికంటె సామాన్యమైన కారణము అనుభవము లేకపోవుట. అమెరికా ప్రజారోగ్య సంస్థ లెక్కల ప్రకారము పదునారు మొదలు పందొమ్మిది ఏండ్లవారు నడిపిన ప్రతి మైలుకు ప్రాణాంతక ప్రమాదములు ఇరువది దాటినవారికంటె దాదాపు మూడింతలు. క్రొత్తగా నేర్చినవాని చూపు కారు ముందరి కొద్దిపాటి నేలకే అంటుకొనియుండును; ఆరితేరినవాని చూపు దూరముగా, ప్రక్కలకు, అద్దములలోనికి తిరుగుచుండును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున కారు ఒక్క సెకనులో 22 మీటర్లు పోవును. ఫోనులోని సందేశమును అయిదు సెకనులు చూచినవాడు నూరు మీటర్లకు పైగా గ్రుడ్డివాడై నడిపినట్లే. వేగము రెండింతలైనయెడల బ్రేకు వేసినపిమ్మట కారు ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి, అనగా దినమునకు 460 మందికి పైగా. అందు పదింట ఏడు మరణములు అతివేగమువలననే యని ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది.

మరియొక సంగతి. ఒంటరిగా జాగ్రత్తగా నడుపు కుర్రవాడే ముగ్గురు స్నేహితులు ఎక్కగానే వేరు మనుష్యుడగును. దీనిని ఎరిగియే న్యూజీలాండు దేశము 1987లో లైసెన్సును మెట్లు మెట్లుగా ఇచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను: మొదట అనుభవజ్ఞుడు ప్రక్కనుండగా మాత్రమే, పిదప ఒంటరిగా, కాని అర్ధరాత్రి వేళ తోడులేక నడుపరాదు, స్నేహితులను ఎక్కించుకొనరాదు, చివర పూర్తి స్వేచ్ఛ. అనేక దేశములు దీనిని అనుసరించినవి. మన దేశములో లెర్నరు లైసెన్సువాని ప్రక్కన లైసెన్సు గలవాడు కూర్చుండవలెను గాని, పక్కా లైసెన్సు చేతికి వచ్చిన మరునాడే నలుగురు స్నేహితులతో అర్ధరాత్రి తిరుగుటకు అడ్డు లేదు. చట్టము కట్టని మెట్లను ఇల్లు కట్టుకొనవలసియున్నది.

కనుక న్యూ టౌన్ తండ్రి మూడవ ప్రమాదముతో తాళపుచెవిని తన యొద్ద నుంచుకొనుట న్యాయము. ఎంతకాలమని కుమారుడు అడుగును. దినములు లెక్కించి చెప్పుటకంటె చేయవలసిన పనులను చెప్పుట మేలు: కంటి పరీక్ష, నిద్ర, మంచి శిక్షకుని యొద్ద మరల కొన్ని పాఠములు, ఆపైన తండ్రి ఎడమ ప్రక్క సీటులో కూర్చుండగా పగటివేళ నడుపుట. ఇందులో తండ్రికే ఎక్కువ శ్రమ. శనివారపు ఉదయములు పోవును. కారులో కూర్చుండి కేకలు వేయకుండుట మిగుల కష్టము. ప్రతి దినము వెనుక సీటునుండి పదేండ్లు కుమారుడు చూచినది తండ్రి నడుపుటనే. చెవికి ఫోను ఆనించి ఎర్రదీపమును దాటిన తండ్రి తన అలవాటును ముందు మార్చుకొనక యెడమ ప్రక్క కూర్చుండి ప్రయోజనము లేదు.

తలిదండ్రులిద్దరును ఒక్క మాటమీద నిలుచుట అన్నిటికంటె కష్టమైన భాగము. "ఏమండీ, ఉన్నది ఒక్క బిడ్డ. తాళము లాగుకొంటే వాడి మనసు విరిగిపోదా? కాలేజీకి ఎట్లా పోతాడు?" అని తల్లి అడుగును. బస్సున్నది, టోటో ఉన్నది అని తండ్రి చెప్పును. కుమారుడు తలుపు దగ్గర నిలిచి, "నామీద మీకు నమ్మకము లేదా నాన్నా?" అనును. ఈ ప్రశ్నకు అనేకమంది తండ్రులు ఓడిపోవుదురు. "నువ్వు అబద్ధమాడవని నమ్ముతాను నాయనా. బండిని అదుపులో పెట్టగలవని మాత్రము ఇంకా నమ్మలేను. రెండూ వేరు వేరు నమ్మకాలు" అని చెప్పవచ్చును. ఆ రాత్రి భోజనము బల్లవద్ద ఎవరును మాటలాడకపోవచ్చును. తల్లి రహస్యముగా తాళపుచెవి ఇచ్చివేయకుండిన చాలును. ఆమెకు అది చిన్న త్యాగము కాదు.

ప్రార్థన చేయుదుము గదా, దేవుడు కాపాడడా అనువారు కలరు. ప్రార్థింపవలసినదే. కాని క్రొత్త యిల్లు కట్టించువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టించవలెనని, లేనిచో పడినవాని రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చునని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. మిద్దె ఎక్కువారికై ప్రార్థించి గోడ మానివేయుమని చెప్పలేదు. కారు ముందరి అద్దముమీద వాక్యపు చీటీ అంటించి, బ్రేకులు చూపించుకొననివాని భక్తిని ఏమనవలెను? క్షేమప్రయాణమునకై చేయు కుటుంబ ప్రార్థనలో రోడ్డు దాటువారి పేర్లు ఎన్నిసార్లు వచ్చినవో కూడ చూచుకొనవలెను.

ఇక ఆ సైకిలువాని సంగతి. ప్రమాదము జరిగినప్పుడు గాయపడినవానికి వైద్యము అందునట్లు చూచుట, ఇరువది నాలుగు గంటల లోపల పోలీసులకు తెలుపుట నడిపినవాని విధియని మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను చెప్పుచున్నది. అయిదువందల రూపాయల నోటుతో ఆ విధి తీరదు. ధర్మశాస్త్రములో అపరాధము చేసినవాడు దానిని ఒప్పుకొని, నష్టమును పూర్తిగా చెల్లించి, దానికి అయిదవ వంతు కలిపి ఇయ్యవలెనని సంఖ్యాకాండము అయిదవ అధ్యాయములో నున్నది. ఒప్పుకొనుట ముందు, సొమ్ము తరువాత. ఆ మనుష్యుడు ఎవరో వెదకుట కష్టమేమియు కాదు; ఆ కూడలిలోని టీ దుకాణమువానికి తెలిసియే యుండును. తండ్రియు కుమారుడును కలిసి అతని ఇంటికి పోవలెను. పోలీసులకు చెప్పవలసినది చెప్పవలెను. వైద్యమునకు, విరిగిన సైకిలుకు, పనికి పోలేని దినముల కూలికి సొమ్ము ఇయ్యవలెను. ఆ సొమ్ములో కొంతయైన కుమారుడు తన సంపాదనతో, ట్యూషన్లు చెప్పియైనను, తీర్చవలెను. వచ్చిన బెంగాలీలో క్షమాపణ అతని నోటనే రావలెను. తండ్రి అతని తరఫున మాటలాడరాదు. అవతలివాడు కోపపడవచ్చును; పరవాలేదు పొమ్మనవచ్చును; వాకిట నిలువబెట్టి, కూర్చొమ్మని చెప్పకనే పంపివేయవచ్చును. దేనికైనను సిద్ధపడియే పోవలెను.

తాళము లేని ఆ నెలలలో కుమారుడు కాలేజీకి నడచి, బస్సెక్కి, సైకిలుమీద పోవును. ప్రతి ఉదయము బిశ్వ బంగ్లా సరణిని కాలినడకను దాటవలసివచ్చును. పచ్చదీపము పడినపిమ్మట కూడ ఒక కారు ఆగక దూసుకొనిపోవుట, నెత్తిన మూటతో ప్రక్కన నడచుచున్న ముసలామె నడిరోడ్డున ఆగిపోయి ముందుకు పోవలెనో వెనుకకు పోవలెనో తెలియక నిలుచుట అతడు అప్పుడు చూచును.